గట్టి గొట్టాల నీటి శీతలీకరణ కంప్యూటర్: కతర్‌గామ్ వాతావరణంలో నిర్మాణం

కంప్యూటర్‌లోని ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్‌ల మీద పుట్టే వేడిని నీటి ద్వారా పెట్టె బయటికి చేరవేసే ఏర్పాటును నీటి శీతలీకరణ అంటారు. పంపు, నీటి ట్యాంకు, రేడియేటర్, చిప్ మీద బిగించే వాటర్ బ్లాకులను విడివిడిగా తెచ్చుకుని సొంతంగా కలుపుకుంటే దాన్ని కస్టమ్ లూప్ అంటారు. ఆ కలపడానికి మెత్తని రబ్బరు గొట్టాలకు బదులు ఎక్రిలిక్, పీఈటీజీ, రాగి లేదా గాజు గొట్టాలు వాడితే ఆ పనికి హార్డ్‌లైన్ అని పేరు. గుజరాత్‌లోని సూరత్ నగరంలో, వజ్రాల సానకు పేరుపడ్డ కతర్‌గామ్ ప్రాంతపు ఎండ, తేమ, నీళ్లను లెక్కలోకి తీసుకుని ఈ వ్యాసం ఆ నిర్మాణాన్ని వివరిస్తుంది.

ఈ విషయంలో ఎక్కువమంది పొరబడే సంగతి ఒకటుంది. నీరు చల్లదనాన్ని పుట్టించదు. వేడిని ఒక చోట ఎత్తుకుని మరోచోట దించుతుంది, అంతే. ఏ భాగం ఎంత పెద్దది కావాలి, గొట్టం ఏ వరసలో నడవాలి, మే నెలలో ఏం జరుగుతుంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడి నుంచే వస్తుంది.

వజ్రాల పేట

తెలుగువారికి సూరత్ అనగానే మరమగ్గాలు గుర్తొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా వైపు తరాలుగా స్థిరపడ్డాయి. కతర్‌గామ్ దారి వేరు. పాత నగరానికి ఉత్తరాన, తాపీ నదికి దగ్గరగా ఉన్న ఈ ఊరు ఒకప్పుడు పాప్డీ చిక్కుడు తోటలకు ప్రసిద్ధి. చలికాలంలో వండే ఊంధియూ కూరలో కతర్‌గామ్ పాప్డీయే పడాలని సూరతీలు ఇప్పటికీ పట్టుపడతారు. తోటలు పోయి కార్ఖానాలు వచ్చాయి. సౌరాష్ట్ర నుంచి వచ్చిన పనివాళ్లు ఇక్కడా, వరాఛాలోనూ వజ్రాల పనిలో కుదురుకున్నారు. సానపట్టే చక్రాన్ని వాళ్లు ఘంటీ అంటారు, సానపట్టేవాణ్ణి రత్నకళాకార్ అంటారు.

ఈ పరిశ్రమలో కంప్యూటర్ పాత్ర చిన్నది కాదు. ముడి రాయిని స్కానర్‌లో తిప్పి లోపలి మచ్చలూ పగుళ్లూ ఎక్కడున్నాయో త్రిమితీయ నమూనాలో చూస్తారు. ఏ కోణంలో కోస్తే ఎక్కువ విలువ దక్కుతుందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఇజ్రాయెల్‌కు చెందిన సరీన్ సంస్థ తయారుచేసిన గెలాక్సీ స్కానర్లు ఈ పనికి పేరుపడ్డాయి. కోత మాత్రం లేజర్‌ది. కతర్‌గామ్‌ను ఆనుకున్న వేడ్ రోడ్డు మీద మొదలై ఎదిగిన సహజానంద్ టెక్నాలజీస్ వజ్రాలు కోసే లేజర్ యంత్రాలను ఇక్కడే తయారుచేసి పేరు తెచ్చుకుంది.

నీటి శీతలీకరణకు ఈ పేటలో నిజమైన పూర్వీకులు ఆ లేజర్లే. తొలితరం వజ్రపు లేజర్లలో ఎన్‌డీ-యాగ్ స్ఫటికాన్ని క్రిప్టాన్ దీపంతో వెలిగించేవారు. మింగిన కరెంటులో నూటికి రెండు మూడు వంతులే లేజర్ కాంతిగా బయటికి వచ్చేది, మిగతాదంతా వేడే. దీపం చుట్టూ, స్ఫటికం చుట్టూ నీరు ప్రవహించకపోతే రెండూ పగిలిపోతాయి. పైగా దీపపు కొసలకు కరెంటు ఉంటుంది కాబట్టి ఆ నీరు లవణాలు తీసేసినదై ఉండాలి. అందుకే రెజిన్ నింపిన కార్ట్‌రిడ్జ్ గుండా నీటిని తిప్పుతూ దాని శుద్ధిని కాపాడేవారు. పంపు, ట్యాంకు, ఉష్ణ మార్పిడి యంత్రం, శుద్ధమైన నీరు అన్న ఆ నాలుగూ ఇంట్లో కట్టుకునే కంప్యూటర్ లూప్‌లోనూ ఉంటాయి. లేజర్ నీటిని చల్లార్చే చిల్లర్‌ను శుభ్రం చేసి నీళ్లు మార్చిన మెకానిక్కుకు కస్టమ్ లూప్ సంగతి సగం ముందే తెలుసు.

వేడి లెక్క

ఇంటెల్ కోర్ ఐ9-14900కే ప్రాసెసర్ పూర్తి వేగంలో 253 వాట్ల దాకా తీసుకుంటుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్లు, దాని తర్వాతి 5090 ఏకంగా 575 వాట్లు. తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. కష్టం ఆ వాట్లలో కన్నా అవి పుట్టే చోటు ఎంత ఇరుకైనదో అందులో ఉంది. ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరుసలో ఒక్కో కోర్ చిప్‌లెట్ వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. దాని మీద వంద వాట్లు పుట్టాయంటే చదరపు సెంటీమీటరుకు 140 వాట్లు పైమాటే. ఇస్త్రీ పెట్టె అడుగుభాగం మీద అదే చదరపు సెంటీమీటరుకు దక్కేది నాలుగైదు వాట్లు మాత్రమే.

ఇప్పుడు 700 వాట్ల వేడిని 10 డిగ్రీల పెరుగుదలతో మోసుకెళ్లాలనుకుందాం. నీరైతే నిమిషానికి 1 లీటరు ప్రవహిస్తే సరిపోతుంది. గాలైతే నిమిషానికి దాదాపు 3,600 లీటర్లు కావాలి. ఒకే పరిమాణంలో నీరు గాలికన్నా సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని పట్టుకోగలగడమే దీనికి కారణం. అయితే చివరికి రేడియేటర్ దగ్గర ఆ వేడిని గాలికే అప్పగించాలి, కాబట్టి ఆ 3,600 లీటర్ల గాలి ఎలాగూ కదలాల్సిందే. లాభం ఏమిటంటే, చిప్ నెత్తిన ఉన్న ఇరుకు చోటులో జరగాల్సిన ఆ బదిలీ రెండు పెద్ద రేడియేటర్ల మీద, నెమ్మదిగా తిరిగే ఆరు ఫ్యాన్లతో జరుగుతుంది. శబ్దం తగ్గుతుంది, చిప్ ఎక్కువసేపు పూర్తి వేగంలో నడుస్తుంది.

ఇదే లెక్క ఇంకో సందేహాన్నీ తీరుస్తుంది. నీరు ముందు రేడియేటర్‌లోకి వెళ్లాలా, గ్రాఫిక్స్ కార్డులోకి వెళ్లాలా అని కొత్తవాళ్లు తెగ ఆలోచిస్తారు. మామూలు పంపు నిమిషానికి 4 లీటర్లు తిప్పుతుందనుకుంటే, 700 వాట్ల లూప్‌లో అతి వేడి చోటుకూ అతి చల్లటి చోటుకూ తేడా రెండున్నర డిగ్రీలే. వరస ఏదైనా ఫలితం ఇంచుమించు ఒకటే. గొట్టాలు చూడముచ్చటగా, వంపులు తక్కువగా వచ్చే దారినే ఎంచుకోవచ్చు. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. ట్యాంకు నుంచి నీరు తన బరువుతోనే నేరుగా పంపులోకి దిగాలి. నీరు లేకుండా తిరిగిన పంపు కాసేపట్లోనే పాడవుతుంది.

కొంత చరిత్ర

నీటితో యంత్రగణకాలను చల్లార్చడం పెద్ద కంప్యూటర్ల కాలం నాటిదే. 1980లో ఐబీఎమ్ ప్రకటించిన 3081 కంప్యూటర్‌లో ఒకే పళ్లెం మీద వందకు పైగా చిప్‌లను అమర్చి, ఒక్కో చిప్ మీద ఒక్కో చిన్న లోహపు ముషలకాన్ని స్ప్రింగుతో అదిమిపెట్టారు. మధ్య ఖాళీలో హీలియం వాయువు నింపి, పైన చల్లటి నీరు పారే పలకను బిగించారు. మరుసటి ఏడాదే, 1981లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టకర్‌మన్, పీస్ అనే పరిశోధకులు సిలికాన్‌లో సన్నని కాలువలు చెక్కి వాటిలో నీరు పారించి చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని లాగి చూపించారు. ఇవాళ దుకాణంలో దొరికే ప్రతి వాటర్ బ్లాక్ అడుగున రాగిలో చెక్కిన వెంట్రుకంత సందులు ఆ ప్రయోగపు సంతానమే. 1985లో వచ్చిన క్రే-2 ఇంకో అడుగు ముందుకేసి సర్క్యూట్లన్నిటినీ ఫ్లోరినర్ట్ అనే, కరెంటు పారని ద్రవంలో ముంచేసింది.

ఇళ్లలోకి ఈ విద్య 1990ల చివరలో వచ్చింది. 1998 నాటి ఇంటెల్ సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌ను 450 మెగాహెర్ట్జ్‌కు తోలవచ్చని తెలిశాక కుర్రాళ్లు వేడితో కుస్తీ మొదలుపెట్టారు. చేపల తొట్టి పంపు, పాత కారులోంచి ఊడదీసిన హీటర్ కోర్, తోటకు నీళ్లు పెట్టే గొట్టం, సొంతంగా మిల్లింగ్ చేయించిన రాగి దిమ్మ కలిస్తే ఒక లూప్. తర్వాత ఈ సరుకంతా కంపెనీల చేతికి వచ్చింది. 2004లో ఆపిల్ 2.5 గిగాహెర్ట్జ్ పవర్ మ్యాక్ జీ5లో కంపెనీ నుంచే ద్రవ శీతలీకరణ పెట్టి అమ్మింది. కొన్నేళ్లకు వాటిలో కొన్ని లీకై లోపలి భాగాలను తినేయడంతో నీళ్లంటే భయం కూడా జనంలో స్థిరపడింది. డెన్మార్క్‌కు చెందిన ఆసెటెక్ వంటి సంస్థలు కర్మాగారంలోనే సీలు వేసిన కూలర్లతో ఆ భయాన్ని చాలావరకు పోగొట్టాయి. సొంతంగా కట్టుకునేవాళ్లకు జర్మనీ ఆల్ఫాకూల్, స్లోవేనియా ఈకే, తైవాన్ బిట్స్‌పవర్, చైనా బరో, బైక్‌స్కీ విడిభాగాలు అందించాయి. మెత్తని గొట్టాల స్థానంలో గట్టి గొట్టాలు వాడుకలోకి వచ్చింది 2010ల మధ్యలో.

మన దేశపు సూపర్ కంప్యూటర్లలోనూ నీరు చేరింది. 2022లో గుజరాత్‌లోనే గాంధీనగర్ ఐఐటీలో ప్రారంభమైన పరమ్ అనంత సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్. దాని ప్రాసెసర్ల నుంచి వేడిని ద్రవమే నేరుగా తీసుకెళ్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ కూడా జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిన అంతే సామర్థ్యపు యంత్రం.

గొట్టం ఎంపిక

గట్టి గొట్టం వల్ల చిప్ ఒక్క డిగ్రీ కూడా అదనంగా చల్లబడదు. ఇది ముందే చెప్పుకోవడం న్యాయం. దాని విలువ రూపంలోనూ స్థిరత్వంలోనూ ఉంది. మెత్తని గొట్టం ఏళ్లు గడిచేకొద్దీ వాలుతుంది, నలుగుతుంది, దానిలోని మెత్తదనపు రసాయనం నీళ్లలోకి దిగి తెల్లటి పొరగా మారుతుంది. గట్టి గొట్టం పెట్టిన చోటే ఉంటుంది. లంబకోణాల్లో తిరుగుతూ, ఒకదానికొకటి సమాంతరంగా సాగే గొట్టాలను చూసినప్పుడు కట్టినవాడి ఓపిక కళ్లకు కడుతుంది.

బయటి వ్యాసం 12, 14, 16 మిల్లీమీటర్ల గొట్టాలు వాడుకలో ఉన్నాయి. ఫిట్టింగులన్నీ జి1/4 అనే పావు అంగుళం మరతో వస్తాయి కాబట్టి ఏ కంపెనీ బ్లాకుకైనా ఏ కంపెనీ ఫిట్టింగైనా బిగుస్తుంది. గొట్టం కొలత మాత్రం ఫిట్టింగుతో కచ్చితంగా సరిపోవాలి.

కొత్తవాళ్లకు పీఈటీజీ మంచిది. తక్కువ వేడికే మెత్తబడుతుంది, వంగుతుంది, కింద పడ్డా పగలదు. ఆ తక్కువ వేడికే మెత్తబడే గుణమే దాని బలహీనత కూడా. 80 డిగ్రీల దగ్గర అది పూర్తిగా మెత్తబడుతుంది, 60 దాటితే చాలు, ఫిట్టింగు దగ్గర ఆకారం కోల్పోయే ప్రమాదం ఉంది. ఎక్రిలిక్ 100 డిగ్రీలకు దగ్గరగా నిలుస్తుంది, గాజులా మెరుస్తుంది, కానీ పెళుసు. స్పిరిట్‌తో తుడిస్తే దాని ఒంటినిండా సన్నని పగుళ్లు పాకుతాయి. పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సూరత్ వానాకాలంలో నెల రోజులు మూల నిలబెట్టిన ఎక్రిలిక్ గొట్టాన్ని నేరుగా హీట్ గన్ ముందు పెడితే లోపల బుడగలు లేస్తాయి. వంచే ముందు దాన్ని తక్కువ వేడి ఓవెన్‌లో కొన్ని గంటలు ఆరబెట్టాలి. కతర్‌గామ్‌లో కట్టేవాళ్లకు నా సలహా, నీటి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచగలిగినంత పెద్ద రేడియేటర్లు పెట్టి పీఈటీజీ వాడటం. చిన్న పెట్టెలో ఒకే రేడియేటర్‌తో సర్దుకోవాల్సి వస్తే ఎక్రిలిక్‌కు వెళ్లాలి.

రాగి గొట్టం మీద మోజు పడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఏసీ మెకానిక్కుల దగ్గర దొరికే అరంగుళం రాగి గొట్టం బయటి వ్యాసం 12.7 మి.మీ. అది 12 మి.మీ. ఫిట్టింగులో దూరదు. అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల గొట్టం 15.88 మి.మీ., 16 మి.మీ. ఫిట్టింగులో పట్టినట్టే పడుతుంది కానీ లోపలి రబ్బరు ఓ-రింగు మీద ఆ కాస్త వదులు ఎప్పుడో ఒకనాడు కారుతుంది. మిల్లీమీటర్ల కొలతలో వచ్చే గొట్టమే తేవాలి. వంచడానికి మాత్రం ఏసీ మెకానిక్ పైప్ బెండర్ చక్కగా పనికొస్తుంది. బోరోసిలికేట్ గాజును ఇంట్లో వంచలేం, నిటారు ముక్కలను మూల ఫిట్టింగులతో కలుపుకోవాల్సిందే.

వంపు

పనంతటికీ ప్రాణం ఈ దశ. ముందు అన్ని భాగాలనూ వాటి చివరి స్థానాల్లో బిగించాలి. బ్లాకును అర మిల్లీమీటరు పక్కకు జరిపినా వంచిన గొట్టం పనికిరాదు. గొట్టం చివర ఫిట్టింగులోకి దిగే లోతును, అంటే దాదాపు ఓ సెంటీమీటరును, కొలతలో కలుపుకోవాలి.

కొత్తవాళ్ల కొలత తప్పేది మూల దగ్గర. గొట్టం పదునైన మూలలో తిరగదు, వృత్తఖండంగా తిరుగుతుంది. మధ్యరేఖ వ్యాసార్ధం 30 మి.మీ. అనుకుంటే, పదునైన మూలలో రెండు వైపులా 30 చొప్పున 60 మి.మీ. పట్టేచోట, వంపు తీసుకునేది 47 మి.మీ. మాత్రమే. అంటే ప్రతి లంబకోణం దగ్గరా 13 మి.మీ. గొట్టం మిగులుతుంది. రెండు వంపులున్న గొట్టంలో ఈ లెక్క వదిలేస్తే రెండో వంపు ఆ 13 మి.మీ. అవతల పడుతుంది, చివరి కొస రెండున్నర సెంటీమీటర్లు తప్పుతుంది. అనుభవం ఉన్నవాళ్లు మొదటి వంపును వంచి, దాన్ని పెట్టెలో పెట్టి చూసి, రెండో వంపు గుర్తు అప్పుడు పెడతారు. రెండు కొసల్లో నాలుగేసి సెంటీమీటర్లు అదనంగా ఉంచుకుని ఆఖరున కోస్తారు.

గొట్టం లోపలికి సరిపోయే సిలికాన్ తాడుకు ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీళ్లు రాసి దూర్చాలి. తాడు లేకుండా వంచితే గొట్టం మూల దగ్గర చప్పిడిగా నొక్కుకుపోయి నీటి దారి ఇరుకవుతుంది. హీట్ గన్‌కు పైన, నాలుగైదు వేళ్ల ఎత్తులో గొట్టాన్ని అడ్డంగా పట్టుకుని రెండు చేతులతో ఆగకుండా తిప్పుతూ ఉండాలి. ఆపితే ఒకవైపు కాలుతుంది. మెత్తబడిందని కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. తిప్పుతున్న ఒక చేతి కదలిక రెండో చేతికి చేరడం మందగిస్తుంది, గొట్టం తన బరువుకే కొంచెం వాలుతుంది. అప్పుడు దాన్ని అచ్చుకు ఆనించి, లాగకుండా, నిదానంగా తిప్పాలి. లాగితే గోడ సన్నబడుతుంది. గట్టిపడేదాకా అర నిమిషమో నిమిషమో కదలకుండా పట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, తాడు బయటికి తీయాలి. వంపు తప్పితే మళ్లీ వేడిచేసి నిటారు చేయవచ్చంటారు గానీ, రెండోసారి వేడెక్కిన చోట మెరుపు పోతుంది. మొదటి గొట్టం అభ్యాసానికే అనుకుని కొనేటప్పుడే కొన్ని ఎక్కువ కొనడం మేలు.

కోతకు సన్నని పళ్ల హాక్సా బ్లేడు చాలు. కోసిన అంచును ఆకురాయితో లోపలా బయటా ఏటవాలుగా అరగదీయాలి. ఈ చిన్న పని వదిలేయడం వల్లే ఎక్కువ లీకులు వస్తాయి. పదునైన అంచు ఫిట్టింగులోకి దిగేటప్పుడు ఓ-రింగును చెక్కేస్తుంది, ఆ గాటు బయటికి కనిపించదు. అంచును వేలితో రాసి చూసినప్పుడు గరుకు తగలకూడదు. తర్వాత గొట్టాన్ని కడిగి పొడిని పూర్తిగా పోగొట్టాలి, లేకపోతే ఆ పొడి బ్లాకులోని సన్నని సందుల్లో చేరుతుంది.

నీరూ లోహమూ

లూప్‌లో రాగి, ఇత్తడి, నికెల్ పూత ఉండవచ్చు. అల్యూమినియం మాత్రం వాటితో కలవకూడదు. చవక రేడియేటర్లు చాలావాటిలో అల్యూమినియమే ఉంటుంది, కొనే ముందు అడిగి తెలుసుకోవాలి. రాగికీ అల్యూమినియానికీ మధ్య ప్రమాణ విద్యుత్ పొటెన్షియల్ తేడా రెండు వోల్టులు. మధ్యలో నీరుంటే అది బ్యాటరీ లెక్కే. అల్యూమినియం కరిగి, తెల్లటి ముద్దగా బ్లాకులో పేరుకుంటుంది.

సూరత్ కుళాయి నీరు తాపీ నుంచి వస్తుంది, అందులో లవణాలు ఉంటాయి. ఆర్‌ఓ నీరు తాగడానికి మంచిదే, లూప్‌కు చాలదు. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడవచ్చు, కానీ సీసా తెచ్చాక ఇంట్లో ఆర్‌ఓ పరీక్షకు ఉంచుకునే టీడీఎస్ మీటర్ ముంచి చూడాలి. సున్నాకు దగ్గరగా లేకపోతే ఆ సీసా పక్కన పెట్టేయాలి. దానికి తుప్పు నిరోధకం, నాచు పట్టకుండా మందు కలపాలి, లేదా రెండూ కలిసిన కూలెంట్ కొనాలి. శుద్ధమైన నీరు కరెంటును పారనివ్వదన్న ధీమా వద్దు. లోహాన్ని తాకిన కొద్ది రోజుల్లోనే అది అయాన్లను పోగేసుకుని పారనిస్తుంది. పాల రంగులో కనిపించే ద్రవాలు ఫొటోలో అందంగా ఉంటాయి, కానీ వాటిలోని నలుసులు నెలల్లో కిందికి దిగి సందులను మూసేస్తాయి. రోజూ పనిచేసే కంప్యూటర్‌లో అవి పోయకూడదు. కొత్త రేడియేటర్‌లో అతుకుల ఫ్లక్స్ మిగిలి ఉంటుంది, వేడినీళ్లు పోసి కుదిపి నీరు తేటగా వచ్చేదాకా కడగాలి.

లీకు పరీక్ష

నీళ్లు పోయకముందే గాలితో పరీక్షించాలి. చిన్న చేతిపంపు, ప్రెజర్ మీటర్ ఉన్న పరికరాన్ని ఒక రంధ్రానికి బిగించి అర బార్ దాకా గాలి ఎక్కించి పావుగంట వదిలేయాలి. ముల్లు కదలకపోతే లూప్ బిగిసినట్టు. కదిలితే ఫిట్టింగులను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి. ఈ పరికరం పెద్ద ఖరీదు కాదు, దాన్ని వదిలేసి నేరుగా నీళ్లు పోసే తెగువ అనవసరం.

తర్వాత నీళ్లు పోసి పంపును మాత్రమే నడపాలి. మదర్‌బోర్డుకూ కార్డుకూ కరెంటు పోకుండా 24 పిన్నుల కనెక్టర్‌తో పాటు ప్రాసెసర్, కార్డుల కరెంటు కనెక్టర్లనూ విడదీసి, పవర్ సప్లైని జంపర్ ప్లగ్‌తో ఆన్ చేస్తారు. పాత పవర్ సప్లైల్లో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపేది ఇందుకే. ఫిట్టింగుల కింద టిష్యూ కాగితం పరిచి, ట్యాంకులో నీటి మట్టం తగ్గినప్పుడల్లా పంపు ఆపి నింపుతూ, పెట్టెను అటూ ఇటూ వంచుతూ బుడగలు తీయాలి. కాగితం మీద ఒక్క చుక్క తడి లేకుండా కొన్ని గంటలు గడిచాకే మిగతా భాగాలకు కరెంటు ఇవ్వాలి.

మే నెల, జూలై నెల

సూరత్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి తరచు 37, 38 డిగ్రీలకు చేరుతుంది, కొన్ని రోజులు 40 దాటుతుంది. గదిలో గాలి 38 డిగ్రీలుంటే లూప్‌లో నీరు అంతకన్నా చల్లబడే దారే లేదు. మామూలు వేగంలో తిరిగే ఫ్యాన్లతో, నీటికీ గాలికీ 10 డిగ్రీల తేడా ఉండేలా చూసుకుంటే, ఒక్కో 120 మి.మీ. రేడియేటర్ భాగం స్థూలంగా వంద వాట్లను దించుతుంది. 700 వాట్లకు రెండు 360 మి.మీ. రేడియేటర్లు ఏమాత్రం ఎక్కువ కాదు. అప్పుడు నీరు దాదాపు 50 డిగ్రీలు. ఒకే 360 మి.మీ. రేడియేటర్‌తో సర్దితే నీరు 61 డిగ్రీలకు ఎగబాకుతుంది, పీఈటీజీకీ, డీ5 రకం పంపుకూ గీసిన 60 డిగ్రీల గీతను దాటేస్తుంది. యూరప్‌లో 22 డిగ్రీల గదిలో పరీక్షించి ఒక రేడియేటర్ చాలునని చెప్పినవాళ్లది అబద్ధం కాదు, వాళ్ల గది వేరు.

ఏసీ వేస్తే సరిపోతుందా అంటే, సరిపోతుంది, దాని లెక్క దానికుంది. కంప్యూటర్ 700 వాట్ల వేడిని గదిలోకే వదులుతుంది. ఒక టన్ను ఏసీ లాగగలిగేది 3,500 వాట్లు. అంటే ఏసీ శక్తిలో అయిదో వంతు కంప్యూటర్‌కే పోతుంది.

లేజర్‌కున్నట్టు కంప్యూటర్‌కూ చిల్లర్ పెడితే బాగుంటుందన్న ఆలోచన కతర్‌గామ్‌లో సహజంగానే వస్తుంది. వానాకాలంలో అది ప్రమాదకరం. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీటి బొట్లు పడతాయి. చిల్లర్‌ను 20 డిగ్రీలకు పెడితే బ్లాకు చుట్టూ, గొట్టాల మీద, మదర్‌బోర్డు మీద చెమట పడుతుంది. లూప్ ఎక్కడా లీకు కాకపోయినా కంప్యూటర్ తడుస్తుంది. చిల్లర్ పెట్టి తీరాలనుకుంటే గది ఉష్ణోగ్రతకు కాస్త పైనే దాన్ని నిలపాలి. గది గాలికన్నా నీరు వెచ్చగా ఉన్నంతకాలం ఈ భయం ఉండదు.

ధూళి ఇంకో సంగతి. ఎంబ్రాయిడరీ, మరమగ్గాల చుట్టుపక్కల గాలిలో దారపు నూగు ఉంటుంది. అంగుళానికి రెక్కలు దగ్గరదగ్గరగా ఉన్న రేడియేటర్ త్వరగా మూసుకుపోతుంది. రెక్కలు దూరంగా ఉండి మందం ఎక్కువున్న రేడియేటర్, ముందు వల జాలీ మేలు.

వజ్రమూ వేడీ

కతర్‌గామ్‌లో సానపట్టే రాయి వేడిని మోయడంలో అన్ని లోహాలకన్నా మిన్న. రాగి ఉష్ణవాహకత మీటరుకు కెల్విన్‌కు 400 వాట్లు, శుద్ధమైన వజ్రానిది 2,000 పైచిలుకు. నగల దుకాణంలో రాయి అసలుదా అని చూసే పెన్నులాంటి పరికరం ఈ గుణం మీదే పనిచేస్తుంది. వెచ్చటి మొన తాకగానే వేడి ఎంత వేగంగా రాయిలోకి పోయిందో చూసి క్యూబిక్ జిర్కోనియాను పట్టేస్తుంది. మొయిసనైట్ కూడా వేడిని బాగా మోస్తుంది కనుక ఈ పరీక్షను దాటేస్తుంది.

చిప్‌కూ వాటర్ బ్లాకుకూ మధ్య రాసే థర్మల్ పేస్టుల్లో కృత్రిమ వజ్రపు పొడి కలిపినవి ఉన్నాయి, ఐసీ డైమండ్ అలాంటిదే. అది పలకలను గీతలు పడేలా గీకగలదు, తుడిచేటప్పుడు రుద్దకూడదు. ఇంతకన్నా ముఖ్యమైన వాడకం పలకల రూపంలో ఉంది. సీవీడీ పద్ధతిలో, మీథేన్ హైడ్రోజన్ వాయువుల ప్లాస్మాలో పెంచిన వజ్రపు పలకలను లేజర్ డయోడ్ల కింద, అధికశక్తి ట్రాన్సిస్టర్ల కింద వేడిని పరచడానికి అమరుస్తున్నారు. సూరత్ ఈ ల్యాబ్ వజ్రాల ఉత్పత్తికి దేశంలో కేంద్రం. 2023 జూన్‌లో భారత ప్రధాని అమెరికా అధ్యక్షుడి భార్యకు కానుకగా ఇచ్చిన 7.5 క్యారెట్ల ల్యాబ్ వజ్రం సూరత్‌లో తయారైనదే. ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వం ల్యాబ్ వజ్రాల పరిశోధనకు ఐఐటీ మద్రాసుకు అయిదేళ్లకు 242 కోట్ల రూపాయలు కేటాయించింది. నగకు పెంచే రాయికన్నా చిప్ కింద పరిచే పలక ఈ పట్టణపు నైపుణ్యానికి ఇంకా పెద్ద దారి తెరవగలదని అనిపిస్తుంది. కోయడం, పలుచగా అరగదీయడం, అద్దంలా నునుపు చేయడం ఇక్కడివాళ్ల చేతుల్లో ఎప్పటి నుంచో ఉన్న పనులు.

సంరక్షణ

లూప్ కట్టేటప్పుడే అన్నిటికన్నా దిగువన నీళ్లు వదలడానికి చిన్న వాల్వు పెట్టుకోవాలి. గట్టి గొట్టాలను పక్కకు వంచి నీళ్లు కార్చలేం. ఆ వాల్వు లేకపోతే కార్డు మార్చిన ప్రతిసారీ నీళ్లు మదర్‌బోర్డు మీద పడతాయి. ఏడాదికోసారి ద్రవం మార్చి, బ్లాకు మూత విప్పి సందుల్లో పేరుకున్నది మెత్తటి బ్రష్‌తో తీయాలి. ఓ-రింగులు గట్టిపడితే మార్చాలి. కిటికీ ఎండ గొట్టాల మీద పడేచోట పెట్టెను ఉంచితే నాచు పెరుగుతుంది.

ఇల్లు మారేటప్పుడు నీళ్లు పూర్తిగా వదిలేసి, బరువైన గ్రాఫిక్స్ కార్డుకు ఆధారం పెట్టి తీసుకెళ్లాలి. మెత్తని గొట్టం కుదుపును తనలో కలుపుకుంటుంది. గట్టి గొట్టం ఆ కుదుపునంతా ఫిట్టింగు మీదికి పంపుతుంది. కొత్త చోటికి చేరాక నీళ్లు పోసే ముందు గాలి పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి.